గ్రామంలో ఫీల్డ్‌వర్క్: అధికారం ఎక్కడ కూర్చుంటుంది?

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సెమిస్టరు విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "అధికారం, ప్రివిలేజ్ (పుట్టుకతో దక్కిన వెసులుబాటు), అణచివేత గురించి తరగతిలో చెప్పారు. నాది భూమి ఉన్న రైతు కుటుంబం. ఫీల్డ్‌వర్క్‌కు పంపిన ఊళ్లో సర్పంచ్ గారు పంచాయతీ ఆఫీసులో మీటింగు ఏర్పాటు చేశారు. ఎస్సీ కాలనీ నుంచి నలుగురే వచ్చారు, ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లకు ఆసక్తి లేదని సూపర్‌వైజర్ గారు అంటున్నారు. నా కులం గురించి నేను సిగ్గుపడాలా? అసలు నేనేం చేయాలి?"

మీ సిగ్గు ఆ కాలనీలో ఎవరికీ పనికిరాదు. ఆత్మపరిశీలన పేరుతో విద్యార్థులు రాసే ఫీల్డ్ డైరీలు చాలా దిద్దాను. "నాకున్న ప్రివిలేజ్‌ను గుర్తించాను" అనే వాక్యం వాటిలో తప్పకుండా ఉంటుంది. మరుసటి వారం మీటింగు మాత్రం మళ్లీ పంచాయతీ ఆఫీసులోనే, అదే పదకొండు గంటలకు, అవే కుర్చీలతో జరుగుతుంది. కాబట్టి మీ మనసులో ఏముందో తర్వాత చూసుకుందాం. ముందు మీ పని ఎలా అమరి ఉందో చూడండి.

ఆ మీటింగునే తీసుకోండి. కబురు పంపింది ఎవరు? సర్పంచ్ మనిషి. పదకొండు గంటలకు కాలనీలో ఎవరుంటారు? కలుపుకో ఉపాధి హామీ పనికో వెళ్లలేనివాళ్లు. అంటే మీ మీటింగుకు రావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. మీరు ఎవరి మోటారు సైకిల్ వెనక కూర్చుని ఊళ్లోకి వచ్చారు? మధ్యాహ్నం ఎవరింట్లో భోంచేశారు? కొత్తగా వచ్చిన మనిషి మొదటి కాఫీ ఏ ఇంట్లో తాగాడో సాయంత్రానికి వాడంతా తెలిసిపోతుంది. మీరు నోరు విప్పకముందే మీరు ఎవరి తరఫు మనిషో ఊరు తేల్చేసింది.

ఇక ఆ నలుగురూ ఎందుకు మాట్లాడలేదు? వాళ్ల ఎదురుగా కుర్చీలో కూర్చున్నాయన దగ్గర వాళ్లలో ఒకరు పొలం కౌలుకు చేస్తూ ఉండవచ్చు. మీది ఆంధ్రప్రదేశ్ అయితే, 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలన్నా ఆ భూయజమాని ఒప్పంద పత్రంపై సంతకం పెట్టాలి. ఇంకొకరి కూతురి పెళ్లికి అప్పు ఆయనే ఇచ్చి ఉండవచ్చు. అలాంటి మనిషి ముందు "మా వీధికి నీళ్లు రావడం లేదు" అని చెప్పడం ఆయన మీద ఫిర్యాదు చేయడమే. ఆ నలుగురూ లెక్క వేసుకున్నారు, మౌనమే చవక అని తేల్చుకున్నారు. మీ సూపర్‌వైజర్ గారు ఆసక్తి లేకపోవడం అంటున్నది దీన్నే.

వచ్చేసారి సాయంత్రం వెళ్లండి, వంటలయ్యాక. కాలనీలోనే కూర్చోండి, చర్చి వరండా అయినా బడి అరుగు అయినా సరే. బస్సు దిగి నడిచి వెళ్లండి. మంచినీళ్లు ఇస్తే తాగండి, అన్నం పెడితే తినండి. ఇవ్వకపోతే మీరే అడగండి, ఎందుకంటే మీలాంటివాళ్లు తాగరని వాళ్లకు అనుభవం. పెద్దవాళ్లను "మీరు" అనండి. ఊరి మోతుబరి కొడుకు అరవై ఏళ్ల మనిషిని ఏకవచనంతో పిలుస్తుంటే, నాలుగు రోజులు వింటే మీ నోటికీ అదే వస్తుంది. ఆ అలవాటు ఎంత తొందరగా అంటుకుంటుందో చాలామంది విద్యార్థులకు తెలియనే తెలియదు. సాయంత్రం వెళ్తున్న సంగతి సర్పంచ్ గారి దగ్గర దాచవద్దు. చెప్పి వెళ్లండి, అనుమతి కోసం మాత్రం నిలబడవద్దు.

సర్పంచ్ అనగానే అధికారం అక్కడే ఉందని కూడా అనుకోకండి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత రిజర్వుడు స్థానాల్లో ఎస్సీ, ఎస్టీ సర్పంచులు, మహిళా సర్పంచులు వచ్చారు. వారిలో చాలామందిని ఊరి పెద్దలే తమ వీలు కోసం నిలబెట్టారు. ఎదురు తిరిగినవాళ్లకు కష్టాలు వేరు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుల మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టించింది. దాంతో ఎస్సీ సర్పంచ్ పారిశుద్ధ్యం బిల్లు చెల్లించాలన్నా ఉపసర్పంచ్ చుట్టూ తిరగాల్సిన పరిస్థితి వచ్చింది. కాబట్టి బోర్డు మీద ఎవరి పేరుందో చూసి సరిపెట్టుకోకుండా, చెక్కుబుక్కు ఎవరింట్లో ఉందో కనుక్కోండి.

మీ కులం సంగతి. కాలనీలో ఎవరో ఒక పెద్దాయన రెండో రోజో మూడో రోజో "బాబూ, తమరు ఏమిట్లు?" అని తప్పకుండా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "నాకు కులం పట్టింపు లేదండి" అనే జవాబు మాత్రం వద్దు. కులం గురించి పట్టించుకోకుండా బతకగలగడమే మీకున్న వెసులుబాటు. ఆయనకు అది లేదు, అద్దె ఇల్లు వెతికేటప్పుడు పట్నంలో ఉన్న ఆయన కొడుక్కీ లేదు. కులం చెప్పిన తర్వాత ఆయన ముఖం కాస్త బిగుసుకోవచ్చు. బిగుసుకోనివ్వండి. నమ్మకం మొదటి నెలలోనే దొరకాలని ఏ నియమమూ లేదు.

కాలనీ అంతా ఒకే ముద్ద అని కూడా అనుకోవద్దు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత, అంటే ఒక్కో కులం ఇంకో కులానికి పైమెట్టు కావడం, అక్కడా ఉంది. మాల, మాదిగ వీధులు చాలా ఊళ్లలో వేరు, కొన్నిచోట్ల బోరింగులూ వేరు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగల దండోరా ఉద్యమం పుట్టింది ఈ లోపలి తేడాల మీదే. ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచే వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేవరకు ఆ వాదన ముప్పై ఏళ్లు సాగింది. రెల్లి, డక్కలి, బుడగజంగం లాంటి చిన్న కులాల కుటుంబాలు ఇంకా అంచున ఉంటాయి. ప్రతి వీధిలోనూ ఆడవాళ్ల మాట మళ్లీ వేరు. కాలనీ మీటింగులో చురుగ్గా మాట్లాడే యువకుడు ఒకడు దొరకగానే అతడినే "కమ్యూనిటీ లీడర్" అని రాసుకుంటే, పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ చేసిన పని మీరు కాలనీలో చేసినట్టే. ఆడవాళ్లతో విడిగా, అంచు ఇళ్లతో విడిగా కూర్చోండి.

మన వృత్తిలో నాకు ఒళ్లుమండే మాట ఒకటుంది: అవగాహన. బాల్యవివాహం జరిగితే తల్లిదండ్రులకు అవగాహన లేదు, బడి మానేస్తే అవగాహన లేదు, రక్తహీనత వస్తే పోషకాహారంపై అవగాహన లేదు. పేదవాళ్లకు ఎప్పుడు చూసినా కొరత అదొక్కటే అన్నట్టు సదస్సులు పెడతాం. కనీస కూలి ఇవ్వని ఆసామికి, పింఛను కోసం ముసలమ్మను ఆఫీసు చుట్టూ తిప్పే గుమాస్తాకు ఒక్క అవగాహన సదస్సు పెట్టిన సంస్థను నేను ఇంతవరకూ చూడలేదు. పాలమూరు వైపు పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేస్తున్న తల్లి దగ్గర కూర్చుని విని చూడండి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అది నేరమని ఆమెకు మీకంటే బాగా తెలుసు, అంగన్‌వాడీ గోడ మీద రాసే ఉంటుంది. దంపతులిద్దరూ వలస పనికి వెళ్తే ఆరు నెలలు ఆ పిల్లను ఎవరింట్లో ఉంచాలన్నది ఆమె ప్రశ్న. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు ఇప్పించడమో, వలస కాలంలో నడిచే హాస్టల్ తెరిపించడమో ఆ ప్రశ్నకు జవాబు. ఆమెకు చట్టం చదివి వినిపించడం తేలిక, మండల విద్యాధికారి దగ్గరికి సీటు కోసం తిరగడం కష్టం. మన సదస్సులు ఎక్కువగా తేలిక పని వైపే ఉంటాయి.

మంచి ఉద్దేశంతో మనమే పుట్టించే అధికారం గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే మీ పాఠ్యపుస్తకం అణచివేతను ఎప్పుడూ ఊరి పెద్దల దగ్గరే చూపిస్తుంది, మన సంఘాల రిజిస్టర్ల దాకా రాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కేంద్రాలకు వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో ఆగలేదు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు, 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. పలకా బలపం ఇవ్వడానికి వెళ్లిన కార్యకర్తలు ఎజెండా రాయలేదు, ఆడవాళ్లు రాశారు. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి. పది పన్నెండు ఏళ్లు తిరిగేసరికి అదే గుంపును చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు వేరే పనికి వాడుకున్నాయి. ఒక సభ్యురాలు వారం వాయిదా కట్టకపోతే మిగతావాళ్లంతా పూచీ. ఏజెంటు గొంతు పెంచనక్కర్లేదు, సాటి ఆడవాళ్లే ఆమె గుమ్మంలో కూర్చుని గిన్నెలు తీసుకుపోయేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్లను నేరం చేసింది, సంస్థలు జిల్లాల్లో నమోదు చేసుకోవాలంది.

ఇందులో మీరు గమనించాల్సింది వడ్డీ రేటు ఒక్కటే కాదు. 'గ్రూప్ వర్క్' అని మనం పాఠంగా నేర్చుకునే పద్ధతి, అంటే చిన్న గుంపు, వారం వారం కలయిక, పరస్పర బాధ్యత, అప్పులవాడికి అచ్చంగా సరిపోయింది. గుంపులోంచి బయటికి వెళ్లే దారి లేనివాళ్ల మీద గుంపు బాధ్యత పెడితే అది కాపలా అవుతుంది. ఇప్పుడు మీరు ఏ సంఘంతో పనిచేస్తున్నా రెండు సంగతులు కనుక్కోండి: వాయిదా కట్టలేని మనిషిని ఆ సంఘం ఏం చేస్తుంది? రిజిస్టరు ఎవరు రాస్తారు, చదువు రాని సభ్యురాలికి దాన్ని ఎవరైనా చదివి వినిపిస్తున్నారా?

చదివి వినిపించడం చిన్న పని అనుకోవద్దు. ఉపాధి హామీలో ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. కూలీ కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి మస్టరు రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతిలో పెట్టారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి "నీ పేరు మీద ఇన్ని రోజుల పని, ఇంత డబ్బు రాసి ఉంది, వచ్చిందా?" అని అడిగారు. తర్వాత బహిరంగ విచారణలో అధికారుల ఎదుట చదివారు. చనిపోయినవాళ్ల పేర్లతో తీసుకున్న కూలీ అలా బయటపడింది. కాగితం మీద ఏముందో తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఒక విచారణకు వెళ్లి కూర్చుంటే మీకు తెలుస్తుంది. దొంగ లెక్కలు పట్టుకున్నా డబ్బు తిరిగి రాబట్టడం మాత్రం అన్నిచోట్లా జరగలేదు. అది వేరే కథ.

ఇప్పుడు మీ కులం, మీ ఇంగ్లిషు, మీ కాలేజీ గుర్తింపు కార్డు ఎక్కడ పనికొస్తాయో చెబుతాను. పోలీస్ స్టేషన్‌లో. కాలనీ మనిషి ఒంటరిగా వెళ్తే బయట నిలబెడతారు. పక్కన మీరుంటే కుర్చీ వేస్తారు. ఈ తేడా అన్యాయమే. అయినా ఆ రోజుకు దాన్ని వాడండి, వాడి ఆ కుర్చీలో బాధితుడిని కూర్చోబెట్టండి. అయితే మీరు అక్కడ ఉండేది పలుకుబడి మీద ఆధారపడి కాదని గుర్తుంచుకోండి. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడులు, అవమానాలను శిక్షించే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 15ఎ సెక్షన్‌ను చేర్చింది. స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకోవడం బాధితుల హక్కు అని అందులో స్పష్టంగా ఉంది. "మధ్యలో నువ్వెవరు?" అని అడిగితే చూపించాల్సింది ఆ సెక్షన్.

నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించాలని, దాని నకలు ఇవ్వాలని అదే చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. కావాలని ఆ విధులు నిర్వర్తించని ఎస్సీయేతర, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగి శిక్షార్హుడు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కావాలని స్టేషన్‌లో అంటారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అలా అన్న మాట నిజమే. అదే ఏడాది పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చి ఆ అవసరం లేదని తేల్చింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఫిర్యాదు తర్వాత పనికి పిలవకపోవడం, కిరాణా కొట్లో సరుకు ఇవ్వకపోవడం, పాలు పోయించుకోకపోవడం ఊళ్లలో మామూలు. సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా ఈ చట్టం కింద నేరమేనని చాలామంది ఎస్సైలకే గుర్తుండదు.

ఇంత చెప్పాక మీరు ఉత్సాహంగా రేపే ఎవరితోనైనా ఫిర్యాదు పెట్టిస్తారేమోనని నాకు భయం. ఆగండి. కారంచేడులో తగాదా మొదలైంది దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. ఆ నీళ్లు పాడుచేయవద్దన్నందుకు, ఒక దళిత మహిళ దెబ్బలకు ఎదురు నిలిచినందుకు, 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాలలో శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరం నుంచే బొజ్జా తారకం, కత్తి పద్మారావు ముందు నిలిచిన దళిత మహాసభ ఎదిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కేసుకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. శిక్షలు వేస్తూ తీర్పు వచ్చింది 2007లో. హైకోర్టు దాన్ని 2014లో కొట్టివేసింది. ఎదిరించడానికి అయ్యే ఖర్చు ఎంత, దాన్ని ఎన్నేళ్లు కట్టాలి అన్నది ఆ కుటుంబాలకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు. మీ ఫీల్డ్‌వర్క్ ఏప్రిల్‌లో అయిపోతుంది, వాళ్లు అక్కడే ఉంటారు. కాబట్టి ఫిర్యాదు పెట్టాలా వద్దా, ఎప్పుడు, ఎవరి పేరుతో అన్న నిర్ణయం పూర్తిగా వాళ్లది. వాళ్లు వద్దంటే దాన్ని భయం అని రాయకండి. పెడతామంటే, "రాజీ చేసుకోండి, ఊళ్లో శాంతిగా ఉండాలి" అనేవాళ్లలో మీరు చేరకండి.

ఆ శాంతి ఎలా ఉంటుందో మధ్యాహ్న భోజనంలో చూడవచ్చు. వంట మనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఉత్తర్వు ఇచ్చింది. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరని నలుగురు తల్లిదండ్రులు అంటారు. గొడవెందుకని ఆమెను వంట నుంచి తప్పించి గిన్నెలు తోమే పని ఇస్తారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మధ్యవర్తిత్వం చేసిన కార్యకర్త రిపోర్టులో "సమస్య సామరస్యంగా పరిష్కారమైంది" అని రాస్తాడు. ఇరుపక్షాలకూ సమదూరం అనే సూత్రం కుటుంబ కౌన్సెలింగులో కొంతవరకు పనికొస్తుందేమో గానీ, ఇక్కడ బలవంతుడికి సాయం చేయడమే అవుతుంది.

మీ ప్రశ్నలో లేని ఒక మాట. ఈ పాఠాలన్నీ కార్యకర్త పై కులంవాడే, క్లయింటు అణగారినవాడే అన్నట్టు రాసి ఉంటాయి. మీ తరగతిలో దళిత, ఆదివాసీ, ముస్లిం విద్యార్థులు ఉంటారు. ఆసుపత్రిలోనో గృహహింస కేసుల కౌన్సెలింగ్ కేంద్రంలోనో వాళ్లు పనిచేసేటప్పుడు ఎదురుగా కూర్చున్న కుటుంబం ముందు ఇంటిపేరు అడుగుతుంది, తర్వాత "వేరే మేడమ్ ఎవరైనా ఉన్నారా?" అంటుంది. ఆ గదిలో వృత్తి అధికారం ఒకవైపు, కులం మరోవైపు లాగుతాయి. అలాంటప్పుడు సంస్థ ఆ కార్యకర్త వెనక నిలబడాలి, "వేరే మేడమ్"ను పంపకూడదు. మీ గ్రూపు చర్చలో ఇది మీరు లేవనెత్తితే బాగుంటుంది. ఎప్పుడూ వాళ్లే తమ గాయం గురించి మాట్లాడాల్సి రావడం కూడా ఒక భారమే.

చివరిగా, మీ సూపర్‌వైజర్ గారు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన సంస్థకు ఊళ్లోకి వెళ్లే దారి సర్పంచ్ చేతిలో ఉంది. వాదనకు దిగకండి. ఈ వారం రిపోర్టులో "ఎస్సీ కాలనీ వారు ఆసక్తి చూపలేదు" అన్న వాక్యం బదులు జరిగినదే రాయండి: మీటింగు ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు పిలిచారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఆ రోజు కూలి ఎంత పోయేది. వచ్చే వారం సాయంత్రం కాలనీలో కూర్చుంటానని ప్రతిపాదన పెట్టండి. అలా రాసిన దాన్ని కొట్టేయడం ఆయనకు కష్టం. 15ఎ, 18ఎ, నాలుగో సెక్షన్ల తెలుగు ప్రతి ఒకటి సంచిలో ఉంచుకోండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడులు, అవమానాల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఈ రెండు నంబర్లూ కాలనీలో ఫోను ఉన్న ఆడవాళ్ల చేతే సేవ్ చేయించండి.